వరద తీరమున పెరటి ఈతకొలను: ఒక విమర్శ

పెరటిలో గొయ్యి త్రవ్వి, అడుగునను చుట్టును కాంక్రీటు పోసి, నీటితో నింపినచో ఈతకొలను సిద్ధమగును. ఇంతకంటె సులభమైన కట్టడము లేదని తోచును. ఇంటికి పునాది కావలెను, గోడలు కావలెను, కప్పు కావలెను. కొలనుకో, భూమియే పునాది, భూమియే గోడ, ఆకాశమే కప్పు. కళాశాలలో భౌతికశాస్త్రము చెప్పుచున్న నేను కూడ మొన్నమొన్నటి వరకు ఇట్లే భావించితిని. ఒక మిత్రుని ప్రశ్న నా కన్ను తెరిపించినది.

నాతో ఎం.ఎస్‌సి. చదివిన మిత్రుడొకడు అమెరికాలో, ఫ్లారిడా రాష్ట్రమున, టాంపా అఖాతమునకు దగ్గరలో కాపురమున్నాడు. 2024 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి హెలీన్ అను తుపాను ఆ రాష్ట్రపు ఉత్తర భాగమున తీరము దాటినది. తుపాను కేంద్రము టాంపాకు దూరముగా సముద్రము మీదనే పోయినను, అది నెట్టిన ఉప్పెన అఖాతమంతయు నిండినది. మిత్రుని వీధిలో మోకాలి లోతు నీరు నిలిచి, రెండు నాళ్లకు తీసిపోయినది. పెరటి కొలనులో మాత్రము బురద, ఆకులు, ఉప్పునీరు మిగిలినవి. కొలనులు బాగుచేయు పనివాడు వచ్చి, “నీరంతయు తోడివేసి, అడుగు రుద్ది కడిగి, కొత్త నీరు పెట్టుదము” అన్నాడట. “తోడించనా, మాననా?” అని మిత్రుడు నన్నడిగినాడు.

తోడించవద్దని చెప్పితిని. నాలుగిండ్ల అవతలి వారు తోడించినారు. తెల్లవారునప్పటికి వారి కొలను ఒక మూల జానెడు పైకి లేచి, చుట్టుపట్ల పలకలు విరిగి, గొట్టములు తెగి యున్నదట. గాలి లేదు, అల లేదు, వాన లేదు. వీధి పొడిగా ఉన్నది. అయినను కొలను లేచినది.

ఎందుకు లేచినది? అట్టి తీరమున కొలను కట్టుకొనుటకు అనుమతి ఇచ్చు నిబంధనలు ఈ ముచ్చటను గూర్చి ఏమనుచున్నవి? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసమునకు విషయము. నిబంధనలలో మెచ్చదగినవి ఉన్నవి, వానిని మెచ్చెదను. లోపమున్నచోట లోపమనియే చెప్పెదను.

కొలను గొయ్యి కాదు, ఓడ

వానకాలమున మన పల్లపు పేటలలో ఇట్టిది చూచిన పాఠకులు కొందరుందురు. మా వీధిలోనే ఒకరు కొత్తగా నీటితొట్టి కట్టించి, నింపకుండ ఉంచినారు. నాలుగు రోజులు ముసురు పట్టునప్పటికి ఆ తొట్టి నేలలోనుండి మూరెడు ఎత్తు పైకి వచ్చినది. ఇరుగుపొరుగులు వింతగా చూచినారు. వింత ఏమియు లేదు. ఇది ఆర్కిమెడీసు సూత్రమే. ఒక వస్తువు ఎంత నీటిని తొలగించునో అంత నీటి బరువుతో నీరు దానిని పైకి నెట్టును. ఆ నీరు చెరువులో ఉన్నను ఒకటే, ఇసుక రేణువుల సందులలో ఉన్నను ఒకటే.

ఒక చిన్న లెక్క వేసి చూతము. కొలను లోపలి పొడవు 10 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు, లోతు 1.5 మీటర్లు అనుకొందము. గోడలు, అడుగు 20 సెంటీమీటర్ల మందము. అప్పుడు లోపల పట్టు నీరు 75 ఘనమీటర్లు, అనగా 75 టన్నులు. కాంక్రీటు సుమారు 20.5 ఘనమీటర్లు, ఘనమీటరుకు 2.4 టన్నుల చొప్పున దాని బరువు 49 టన్నులు. భూమిలో ఈ కట్టడము ఆక్రమించిన చోటు 95 ఘనమీటర్లకు పైమాట. భూగర్భజలము నేలమట్టము వరకు వచ్చినచో కొలనును పైకి నెట్టు బలము 95 టన్నులు; అది ఉప్పునీరైనచో ఇంకను రెండు మూడు టన్నులెక్కువ.

కొలను నిండియున్నప్పుడు దాని మొత్తము బరువు 124 టన్నులు. నెట్టునది 95. కొలను కదలదు. నీరు తోడివేసినప్పుడు మిగిలిన బరువు 49. నెట్టునది 95. తేడా 46 టన్నులు. చుట్టునున్న మట్టి పట్టు కొంత ఆపవచ్చును గాని, నానిన ఇసుక పట్టును నమ్మి ఎవరును లెక్కలు కట్టరాదు. ఆ పట్టును విడిచి లెక్కించినచో, కొలను అడుగునకు పైన భూగర్భజలము 87 సెంటీమీటర్లు చేరగానే ఖాళీ కొలను తేలుటకు సిద్ధమగును. కాంక్రీటుకు బదులు ఫైబరుగ్లాసు తొట్టి దించినచో చెప్పనక్కరలేదు. అది ఒక టన్ను తూగునదనుకొన్నను, రెండు సెంటీమీటర్ల నీరు చాలును.

కనుక కొలనును నేలలో పట్టియుంచునది దాని కాంక్రీటు కాదు, దాని నీరు. నీరున్నంతకాలము అది కొలను. నీరు తీసినది మొదలు అది ఓడ. ఓడను ఇసుకలో పాతిపెట్టి, చుట్టును నీరు చేరనిచ్చి, లోపలి బరువు తీసివేసినచో అది ఏమి చేయవలెనో అదియే చేయును.

నేల పైన ఆరినను క్రింద ఆరదు

వీధి పొడిగా ఉన్నదని పనివాడు ధైర్యపడినాడు. మోసము అక్కడనే ఉన్నది. ఉప్పెన తీసిపోవునప్పుడు పైనీరు గంటలలో సముద్రమును చేరును. ఇసుకలోనికి ఇంకిన నీరు అట్లు పోజాలదు. అది రేణువుల సందులలో మెల్లగా ప్రాకవలెను. కావున నేల పైన ధూళి లేచుచున్నను, రెండడుగుల క్రింద నీరు నిండియుండవచ్చును.

ఫ్లారిడాలో భూమి స్వభావము ఈ చిక్కును మరింత పెంచుచున్నది. ఆ రాష్ట్రపు ఆగ్నేయమున మయామి నగరము బిస్కేన్ జలధరము మీద నున్నది. అది తేనెపట్టువలె రంధ్రములున్న సున్నపురాయి. సముద్రమునకు అడ్డుగా గోడ కట్టినను నీరు గోడ క్రిందినుండి వచ్చును. శరత్కాలపు పెద్ద పోట్ల దినములలో మేఘమన్నది లేకున్నను మయామి బీచి వీధులలో నీరు నిలుచుట ప్రసిద్ధమే. టాంపా వైపు తీరము పల్లము. అక్కడ పెరటిలో గొయ్యి త్రవ్వునప్పుడే నీరు ఊరుచుండును. దానిని తోడుచునే కాంక్రీటు పోయుదురు. అనగా కొలను పుట్టునప్పుడే నీటిలో పుట్టినది.

సముద్రము రాకున్నను ఈ ప్రమాదము తప్పదని ఆ సంవత్సరమే ఋజువైనది. హెలీన్ తరువాత పదుమూడు దినములకు, 2024 అక్టోబరు 9వ తేదీన, మిల్టన్ తుపాను టాంపాకు దక్షిణమున తీరము దాటినది. ఈసారి గాలి ఎదురు దిక్కున వీచి, అఖాతములోని నీటిని సముద్రము వైపు లాగివేసినది. ఉప్పెన రాలేదు సరికదా, అఖాతపు అడుగే బయటపడినది. కాని సెయింట్ పీటర్సుబర్గు పట్టణమున 18 అంగుళములకు పైగా వర్షము కురిసినది. సముద్రము వెనుకకు పోయిన రాత్రియే భూగర్భజలము పైకి వచ్చినది. ఉప్పెనను మాత్రమే చూచువాడు ఆ రాత్రి గండము గడచినదనుకొనును. కొలను క్రింది నీరు అట్లనుకొనదు.

నిబంధనలలో మెచ్చదగినది

అమెరికాలో వరద ప్రాంతపు కట్టడములను నియమించునది 1968 నాటి జాతీయ వరద భీమా చట్టము. దాని ననుసరించి, వరద భీమా కోరు ప్రతి ఊరును కొన్ని కనీస నిబంధనలను అమలు జరుపవలెను. సముద్రపు అలలు మూడడుగులు లేక అంతకు మించి లేవగల తీరభాగమును పటములలో ‘వి’ మండలమని గుర్తింతురు. మూడడుగుల అలయేమి, పిల్లలాట అని మనకు తోచవచ్చును. లోతు తక్కువైన చోట అల ఎత్తు నీటిలోతులో సుమారు 78 వంతులకు, అనగా నూటికి 78కి, మించజాలదు. కాబట్టి మూడడుగుల అల లేచినదన్నచో అక్కడ నిలిచిన నీరు దాదాపు నాలుగడుగులున్నదని అర్థము. సెకనుకు మూడు మీటర్ల వేగముతో పారు నీరు అడ్డు వచ్చిన గోడను చదరపు మీటరుకు సుమారు 460 కిలోగ్రాముల బరువుతో నెట్టును. ఇటుక గోడ దాని ముందు నిలువజాలదు.

ఈ సత్యమును గ్రహించి ఆ నిబంధనలు వ్రాసినవారు వివేకవంతులు. ‘వి’ మండలమున ఇంటిని స్తంభములమీద లేపవలెను. క్రింది చోటు అడ్డము లేకుండ నీరు పారుటకు విడువవలెను. అక్కడ గోడలు కట్టదలచినచో అవి వరదకు ఊడిపోవునట్టివి కావలెను. చదరపు అడుగుకు 10 నుండి 20 పౌండ్ల వత్తిడికి, అనగా పైన చెప్పిన 460కి ఎదురుగా 49 నుండి 98 కిలోగ్రాములకే, అవి లొంగవలెను. మట్టి పోసి మెరక చేసి దానిమీద ఇల్లు నిలుపరాదు. ఇసుక దిబ్బలను, మడ అడవులను, వరద నష్టము పెరుగునట్లు చెరుపరాదు. ఎదిరించి నిలువలేని బలమునకు దారి యిచ్చి బ్రతుకవలెనన్న నీతి ఈ నిబంధనలలో ఉన్నది. గాలివానకు తాటిచెట్టు కూలును, గడ్డిపరక మిగులును. మనవారికి ఇది కొత్త నీతి కాదు.

కొలనులకును ఈ నీతిని అమెరికన్ సివిల్ ఇంజనీర్ల సంఘము తన ప్రమాణములో అన్వయించినది. ఎక్కువ ప్రమాదము గల తీరమున కొలను మూడు విధములలో ఒక విధముగా ఉండవలెను. వరదమట్టమునకు పైన స్తంభములమీద నిలుపవలెను. లేదా వరద వచ్చినప్పుడు హాని చేయు శకలములు కాకుండ విడిపోవునట్లు కట్టవలెను. లేదా నేలలోనే నిలిచియుండి, నీటి దారిని మళ్లించి ఇతర కట్టడములను చెరుపకుండునట్లు అమర్చవలెను. అలల దారిలో గట్టి కాంక్రీటు దిమ్మ ఉన్నచో నీరు దాని ప్రక్కలనుండి వేగముగా సుడి తిరిగి ఇసుకను కోసివేయును. ఆ కోత ప్రక్క ఇంటి పునాదిని చేరును. దీనిని ఆలోచించి చెప్పిన మాట ఇది.

లోపమెక్కడ?

ఇంత వివేకము గల నిబంధనలలో లోపము ఒక నిర్వచనములో దాగియున్నది. ఆ దేశపు కేంద్ర నిబంధనలలో ఒక చక్కని వాక్యము కలదు. వరద ప్రాంతపు నిర్మాణము తేలిపోకుండ, కూలకుండ, ప్రక్కకు జరగకుండ చాలినంతగా బిగింపబడి యుండవలెననియు, నీటి ఉత్ప్లవనమును కూడ లెక్కలోనికి తీసికొనవలెననియు దాని భావము. ఈ ఒక్క వాక్యము చాలును, మిత్రుని పొరుగువారి కొలను రక్షింపబడుటకు. కాని అదే నిబంధనలలో ‘నిర్మాణము’ అనగా గోడలు, కప్పు గల భవనము, ప్రధానముగా భూమికి పైన ఉండు తొట్టి, తరలించు ఇల్లు అని నిర్వచింపబడినది. పెరటి కొలనుకు కప్పు లేదు. అది భూమికి పైన లేదు. తరలించునది కాదు. కాబట్టి తేలుటను గూర్చిన వాక్యము, ఆ ప్రాంతమున అన్నిటికంటె సులభముగా తేలు వస్తువునకు నేరుగా వర్తింపలేదు.

కొలను త్రవ్వుటకు అనుమతి అక్కరలేదని నేననుట లేదు. అక్కరయే. భూమిని మార్చు ఏ పనికైనను వరద ప్రాంతమున అనుమతి కావలెను. ఇంజనీర్ల ప్రమాణములు, స్థానిక నిర్మాణ స్మృతులు కొంత లోటు తీర్చుచున్నవి. కాని వాని చూపు ఎక్కువగా ఒక దినము మీద, ఒక వస్తువు మీద నిలిచినది. ఆ దినము తుపాను దినము. ఆ వస్తువు ఇల్లు. కొలను ఇంటికి హాని చేయునా అని అవి అడుగును. తుపాను వెళ్లిన మూడవ దినమున, యజమాని చీపురు పట్టుకొని నిలుచున్నప్పుడు, కొలనుకు ఏమగునో అవి గట్టిగా అడుగవు. నీరు తోడరాదన్న సలహా కరపత్రములలో లేకపోలేదు. అయితే సలహా కరపత్రములో ఉండును, పంపు పనివాని చేతిలో ఉండును. అనుమతి పత్రము మీదనే ఆ మాట ముద్రించి, కొలను గట్టుమీద రాతిపలకపై చెక్కించవలెనని నిబంధన పెట్టుట కష్టమా?

ఆ పైన భీమా సంగతి. జాతీయ వరద భీమా పత్రము ఈతకొలనులను, వాని పంపులను, ఫిల్టర్లను, గొట్టములను స్పష్టముగా మినహాయించినది. అది తప్పని నేననను. విలాసమునకు ప్రజాధనము ఎందుకను ప్రశ్న న్యాయమైనదే. కాని దీని ఫలితము చూడుడు. చట్టపు నిర్వచనములో కొలను లేదు. భీమాలో కొలను లేదు. నష్టము లెక్కకు రానిచోట పాఠము కూడ లెక్కకు రాదు. పదివేల కొలనులు లేచినను ఏ కార్యాలయపు పుస్తకములోను ఒక వరుస చేరదు.

‘నూరేండ్ల వరద’ అను మాట

రెండవ లోపము మాటలో ఉన్నది. నిబంధనలు ఆధారముగా తీసికొను వరదను జనులు ‘నూరేండ్ల వరద’ అందురు. విన్నవారు, నూరేండ్లకొకసారి వచ్చునది గదా, మన తరమున రాదులే అనుకొందురు. దాని అసలు అర్థము వేరు. ఏ సంవత్సరమునైనను నూటికొక పాలు వచ్చుటకు అవకాశమున్న వరద అది. రాకుండుటకు అవకాశము 0.99. ముప్పది సంవత్సరములు వరుసగా రాకుండుటకు అవకాశము 0.99ను ముప్పదిసార్లు హెచ్చింపగా వచ్చు 0.74. అనగా ఇంటి అప్పు తీరులోపల ఒక్కసారియైనను వచ్చుటకు అవకాశము నూటికి 26. నాలుగు నాణెములలో ఒకటి తీయుమన్నట్లే. నాణెమునకు క్రిందటిసారి ఏమైనదో గుర్తుండదు. హెలీన్ వచ్చిపోయినదని మిల్టన్ ఆగలేదు.

మూడవ లోపము కాలమును గూర్చినది. వరద పటములు జరిగినదానిని కొలిచి గీయబడినవి. రాబోవు సముద్రమట్టము వానిలో లేదు. అమెరికా తీరమున 2020 నుండి 2050 వరకు సముద్రమట్టము సగటున 10 నుండి 12 అంగుళములు పెరుగునని ఆ దేశపు ప్రభుత్వ శాస్త్రజ్ఞులు 2022లో అంచనా వేసిరి. ఈ అడుగు అలలకు మాత్రమే చేరునని తలపరాదు. తీరమున భూగర్భజలము సముద్రము మీద ఆనుకొని యుండును. సముద్రము లేచినచో అదియు లేచును. మన లెక్కలోని కొలను తేలుటకు 87 సెంటీమీటర్ల నీరు కావలెనని చూచితిమి. ఒక అడుగనగా 30 సెంటీమీటర్లు. నేడు క్షేమముగా తోడదగిన కొలను, దానిలో ఈత నేర్చిన పిల్లవాడు గృహస్థుడగునాటికి, తోడరానిది కావచ్చును. ఇంజనీర్ల సంఘము 2023లో తన భార ప్రమాణమునకు చేర్చిన అనుబంధమున సాధారణ భవనములకు 500 ఏండ్ల వరదను, సముద్రమట్టపు పెరుగుదలను లెక్కలోనికి తెచ్చినది. ఇది శ్లాఘనీయము. కేంద్ర నిబంధనలలోని కనీస ప్రమాణము మాత్రము ఇంకను ఆ నూటికొక పాలు వరదయే.

మందులు, మందులలోని లోపములు

దీనికి ఉపాయములు లేవా? ఉన్నవి. మొదటిది అడుగున అమర్చు పీడన కవాటము. వెలుపలి నీటి వత్తిడి లోపలి వత్తిడిని మించినప్పుడు అది తెరుచుకొని భూగర్భజలమును లోనికి రానిచ్చును. కొలను తనంత తాను నిండి నిలిచిపోవును. యుక్తి గొప్పదే. అయితే అది పనిచేయవలసిన దినముననే కొలను అడుగున బురద పేరుకొని యుండును. ఇసుక పట్టి, తుప్పు పట్టి, ఏండ్ల తరబడి ఎవరును చూడని చిన్న కవాటము మీద 46 టన్నుల భారము పెట్టుట, ఓడ నంతను ఒక్క మేకుకు కట్టినట్లు.

రెండవది బరువు పెంచుట. అడుగును క్రిందికి మందము చేసినచో ప్రతి ఘనమీటరు కాంక్రీటు 2.4 టన్నులు తూగినను, తానును ఒక టన్ను నీటిని తొలగించును గనుక మనకు మిగులునది 1.4 మాత్రమే. 46 టన్నులను ఆపుటకు 33 ఘనమీటర్లు కావలెను. అనగా అడుగు ఇంకను రెండడుగుల మందము కావలెను. కొలను ఖర్చు ఎంత పెరుగునో పాఠకులే ఊహింపవచ్చును. మూడవది, అడుగును చుట్టును అంచుగా వెడల్పు చేసి దానిమీద మట్టిని కూర్చుండబెట్టుట. లేదా భూమిలోనికి లంగరులు దించుట. ఇవి మంచివే, కాని కట్టునప్పుడే చేయవలెను. నాలుగవది అతిచౌక, కొలను ప్రక్కన అడుగుమట్టము వరకు రంధ్రముల గొట్టమొకటి నిలువుగా దించుట. మూత తీసి చూచినచో భూగర్భజలము ఎంతవరకున్నదో తెలియును. మన రైతు బావిలోనికి తొంగిచూచినట్లే. కంటికి కనబడని నీటిని కనబడజేయు ఈ గొట్టము ప్రతి తీరపు కొలనుకును తప్పనిసరి చేయవలెనని నా అభిప్రాయము.

ఉప్పెన వచ్చిన తరువాత చేయవలసిన పని కూడ కష్టమైనది కాదు. మొదట విద్యుత్తును ఆపి, మునిగిన పంపును నిపుణుడు పరీక్షించువరకు ముట్టరాదు. ఆకులను, చెత్తను వలతో తీయవలెను. బురదను నీటి అడుగునుండియే పీల్చివేయవలెను. వరదనీటిలో మురుగు కలిసియుండును గనుక క్లోరీను ఎక్కువ మోతాదున వేసి, నీరు తేటపడువరకు ఎవరును దిగరాదు. ఉప్పునీటిని మార్చవలసియున్నచో కొంచెము కొంచెముగా, తీసినంత పోయుచు, మట్టము తగ్గకుండ మార్చవలెను. పూర్తిగా తోడక తప్పనిచో భూగర్భజలము అడుగుకంటె క్రిందికి దిగినదని గొట్టములో చూచుకొని తోడవలెను. మిత్రుడు ఈ విధముగా చేసి ఒక నెల ఓపికపట్టినాడు. కొలను చోటనే ఉన్నది.

ఇసుకయే పోయినచో

ఇంతవరకు క్రిందినుండి వచ్చు ప్రమాదమును చెప్పితిని. ముందునుండి వచ్చునది వేరొకటి కలదు. నీటి మట్టమును ఎంత జాగ్రత్తగా కాచినను అది ఆగదు గనుక దానిని విడిచిపెట్టరాదు. 2016 జూన్ మొదటివారమున ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు ఉత్తరభాగమున కొలరాయ్ తీరమును పెనుతుపాను తాకినది. పెద్ద పోటు అప్పుడే వచ్చినది. అలలు అలవాటైన దిక్కును విడిచి ఈశాన్యపు వైపునుండి వచ్చినవి. ఇండ్ల ముందరి ఇసుక కొట్టుకొనిపోగా, ఒక ఇంటి పెరటి కొలను తొట్టితోసహా ఊడి సముద్రపుటొడ్డున పడినది. ఆ చిత్రము ప్రపంచమంతటి పత్రికలలో వచ్చినది. అచ్చట విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 1976 నుండి ఆ తీరపు ఇసుకను క్రమముగా కొలుచుచున్నారు. ఇసుక వచ్చుచు పోవుచుండుటయే తీరపు స్వభావమని ఆ కొలతలు చెప్పుచునే ఉన్నవి. ఫ్లారిడాలోను 2022 సెప్టెంబరు చివర ఇయన్ తుపాను కోసిన తీరమును, ఆరు వారములకే నవంబరు 10న వచ్చిన నికోల్ మరల కోయగా, డేటోనా తీరమున అడ్డుగోడలు, కొలనులు, కొన్ని ఇండ్లు కూడ కూలినవి. నికోల్ బలమైన తుపాను కాదు. ఇసుక తిరిగి చేరక మునుపే వచ్చినది, అంతే.

“నా స్థలము, నా ధనము, నా కొలను. పోయిన నాకే గదా నష్టము?” అని యజమాని అనవచ్చును. పోయినచో అతనికి మాత్రమే నష్టమైన యెడల నేనీ వ్యాసము వ్రాయనక్కరలేదు. ఊడిన పలకలు, కాంక్రీటు ముక్కలు అలల చేతిలో దూలములై పొరుగింటి స్తంభములను పొడుచును. కొలను కొరకు చదును చేసిన ఇసుక దిబ్బ ఊరి కంతకును గోడ. కొలనును కాపాడుటకు కట్టు అడ్డుగోడ ముందు ప్రజల తీరము కరగిపోవును. కొలరాయ్‌లో ఇండ్ల ముందు ఏడు మీటర్ల ఎత్తుగల గోడ లేచినప్పుడు ఆ ఊరివారు ఇసుకలో వరుసగా నిలిచి తమ అసమ్మతి తెలిపినది ఇందుకే.

మన తీరము

ఈ విషయము మనకు దూరమైనది కాదు. టాంపా, హూస్టను మొదలగు చోట్ల తీరమున ఇండ్లు కొనుక్కొన్న తెలుగువారు పలువురు ఉన్నారు. వారికిది ఇంటి ముచ్చట. ఇచ్చట కూడ విశాఖపట్టణము నుండి భీమునిపట్టణము వరకు తీరమార్గమున కొలనులు గల విహారగృహములు లేచినవి. మన తీరప్రాంత నియంత్రణ ప్రకటన 1991లో మొదట వెలువడి, 2011లోను 2019లోను మార్పులు పొందినది. తీరపు విహారగృహములకు నేలమాళిగ కట్టదలచినచో అది భూగర్భజలపు ప్రవాహమున కడ్డము రాదని ఆ శాఖ ఒప్పుకొనవలెనని 1991 నాటి ప్రకటనలో ఒక షరతు కలదు. అమెరికా నిబంధన భూమిపైని అలను చూచినది. మన ప్రకటన భూమిలోని నీటిని కూడ చూచినది. ఈ ఒక్క విషయమున మన చూపు లోతైనదని చెప్పవచ్చును. అయితే ఆ షరతు నీటికి కట్టడము వలన కలుగు హానిని చూచునే గాని, కట్టడమునకు నీటి వలన కలుగు హానిని చూడదు. ఈ రెండు చూపులును కలిసిననాడు నిబంధన పూర్ణమగును.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను, 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్‌ను చూచిన తీరము మనది. సముద్రము పైనుండి వచ్చునని మనకు తెలియును. అది క్రిందినుండి కూడ వచ్చునని ఇక తెలిసికొనవలెను. తీరమున కొలను కట్టకుండుట ఉత్తమము. కట్టినవారు దానిని నిండుగా ఉంచుకొందురు గాక. ముఖ్యముగా ఉప్పెన తీసి, ఎండ కాసి, చేతికి పంపు అందినప్పుడు, ఒక్క క్షణము ఆగి, ఈ తొట్టి చుట్టును నీరు ఎంతవరకున్నదని అడుగవలెను. జవాబు తెలియువరకు పంపు మీట నొక్కరాదు.